మెట్టకూరు వదిన, పేరెత్తని జబ్బు

యానాం వెళ్లొచ్చానని తెలియగానే మా బడి స్టాఫ్‌రూంలో అందరూ అడిగింది ఒకటే: సీసాలేమైనా తెచ్చావా అని. మా జగిత్యాల వైపు వాళ్లకు యానాం అంటే మందు చవకగా దొరికే ఊరని మాత్రమే తెలుసు. ఆ ఊరి పిల్లను చేసుకున్న నాకే అంతకుమించి తెలియదు. ఇదివరకు రెండుసార్లు వెళ్లాను. రెండూ పెళ్లిళ్లకే. తిన్నామా, ఫొటో దిగామా, బస్సెక్కామా అన్నట్టు వెళ్లడం. మొన్న దసరా సెలవుల్లో మొదటిసారి కొన్నాళ్లు ఉన్నాను. సీసా తేలేదు. అక్కడ జరిగింది చెబుదామంటే అందులో కొంత నాకే ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందే ఒక సంగతి చెప్పేస్తే చదివేవాళ్లకు నాలాగా తికమక ఉండదు. నా భార్య పద్మ వాళ్ల అక్క వరలక్ష్మికి గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వచ్చింది. బయల్దేరేనాటికి ఆ సంగతి పద్మకు తెలుసు. నాకు తెలియదు. మా వదిన భర్త సత్తిబాబుకూ తెలియదు. మగవాళ్లమిద్దరం ఇవి సెలవులకు చుట్టాలు కలిసే నాలుగు రోజులనే అనుకున్నాం.

పద్మ వాళ్ల నాన్న యానాం మనిషే. రామగుండంలో ఉద్యోగం చేశాడు. పెద్దమ్మాయిని పదహారేళ్లకే సొంత ఊళ్లో మేనల్లుడికిచ్చాడు. చిన్నమ్మాయిని చదివించాడు. అలా ఒకరు గోదావరి పాయ పక్కన మెట్టకూరులో, ఒకరు జగిత్యాలలో నా దగ్గర.

బతుకమ్మ వదిలేసి

మా వైపు బతుకమ్మకు ఆడపిల్లలు పుట్టింటికి వెళ్లడం మామూలే గానీ, మా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో కోడలు ఊరు దాటడం కుదరదు. మా అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది. "పండుగ పూట పోతరా ఎవరన్న? గునుగు పూలు ఎవరు తేవాలె?" అంది. పద్మ ఎప్పుడూ అమ్మ మాట దాటదు. ఈసారి జవాబు చెప్పకుండా బట్టలు సర్దింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి సాహితిని నాయనమ్మ దగ్గరే ఉంచుదామంది. పండుగకు అక్క ఇంటికి వెళ్తూ బిడ్డను వదిలిపెట్టడమేమిటని అడిగాను. "ఈసారికి అంతే" అంది. నాకు ఆనాడే అనుమానం రావలసింది. రాలేదు.

ఎర్రటోపీలు

రైలు దిగి కాకినాడలో యానాం బస్సెక్కాం. తాళ్లరేవు దాటాక రోడ్డు పక్కన కాలవలు, కొబ్బరిచెట్లు, రొయ్యల చెరువుల్లో తెల్లగా నురగ చిమ్ముతూ తిరిగే చక్రాలు. మా వైపు చెరువంటే ఊరికొకటి. ఇక్కడ పొలాలన్నీ చెరువులే.

బస్సులో పద్మ పక్కన కూర్చున్న ఒకావిడ "ఎవరింటికమ్మా?" అని మొదలుపెట్టి, మూడు స్టాపులు దాటేసరికి పద్మ నాయనమ్మ పుట్టిల్లు కూడా కనుక్కుంది. "అయితే మనం వరసకి వదినామరదళ్లమే. ఈయనెవరు, మీ ఆయనా? తెలంగాణా వోరా? పాపం, ఎండకి కమిలిపోయేరు" అంది. నేను పుట్టుకతోనే ఆ రంగని పద్మ చెప్పలేదు.

ఊరి మొదట్లో కమాను, కమాను దాటగానే వరసగా మందు షాపులు, వాటి ముందు పొద్దున్నే ఆంధ్రా నంబర్ల మోటారుసైకిళ్లు. కూడలిలో నిటారుగా ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసు. భాష మారలేదు, చెట్లు మారలేదు, రాష్ట్రం మారింది. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. ఇక్కడి జనానికి అందులో వింతేమీ లేదు. నాకే ప్రతి వీధి మలుపులో ఏ ప్రభుత్వంలో ఉన్నానో లెక్క తప్పేది.

మెట్టకూరులో వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. "రండి మరిదిగారూ, పెయాణం బాగా జరిగిందాండి? కాళ్లు కడుక్కోండి, టిఫిన్ సల్లారిపోద్ది" అంది. ఎప్పుడూ గలగల మాట్లాడే మనిషే. కానీ బుగ్గలు లోపలికి పోయాయి. పెసరట్టు మీద పెసరట్టు వేస్తూ, మధ్యలో ఒక చేత్తో నడుము పట్టుకుని పొయ్యి గట్టుకు ఆనుకుంది. "పని ఎక్కువైంది" అంది పద్మ, నేను అడగకముందే.

మా ఇళ్లలో అతిథి వద్దంటే రెండోసారి అడుగుతాం, మూడోసారి మానేస్తాం. ఇక్కడ వద్దనడానికి అర్థం లేదు. చేయి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు.

సేమ్యా కాని సేమ్యా

ఆ మధ్యాహ్నం కంచంలో సన్నగా, తెల్లగా కుప్పపోసినట్టున్న కూర చూసి సేమ్యా అనుకున్నాను. అన్నంలోకి సేమ్యా ఏమిటా అని సందేహపడుతూ నోట్లో పెట్టుకున్నాక చేప వాసన తగిలింది. సత్తిబాబు పడీపడీ నవ్వాడు.

"చీరమేనండి అది. తూర్పుగాలి ఇసిరినప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగలో దొరికే చేపపిల్లలు. చీరలడ్డం పెట్టి పడతారు. గ్లాసు లెక్కన అమ్ముతారు. ఇప్పుడే మొదలైంది, గ్లాసు రెండొందలన్నాడు. మీరొచ్చేరని తెచ్చేను."

నేను అలవాటు లేక నెమ్మదిగా తిన్నాను. రెండో వాయికి రుచి తెలిసింది. మిరియాలు, మామిడి ముక్క, కింద కాస్త అడుగంటిన వాసన. మూడో వాయి నేనే అడిగాను. వదిన సంతోషంగా వడ్డించింది కానీ తను ఆ పూట మజ్జిగన్నమే తింది. "కడుపులో బాగోలేదు" అంది. సత్తిబాబు ఆమె కంచం వంక ఒక్క క్షణం చూసి తల వంచుకున్నాడు.

సత్తిబాబుకు యాభై ఆరేళ్లు. చాలా ఏళ్లు చేపల లారీ తోలాడు, ఇక్కడి నుంచి హౌరా దాకా. ఇప్పుడు నది ఒడ్డున రేకుల షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. పిల్లలు ముగ్గురూ వేరే ఊళ్లలో ఉంటారు. నన్ను తమ్ముడూ అని పిలుస్తాడు. సాయంత్రం నది గట్టు మీదికి తీసుకెళ్లాడు. అక్కడ పెద్ద శివలింగం, చుట్టూ ఏనుగు విగ్రహాలు, నడవడానికి రాళ్లు పరిచిన బాట, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు. అవతల ఎదుర్లంక వంతెన మీద లైట్లు వెలిగాయి. గోదావరి ఇక్కడ నదిలా ఉండదు. ధర్మపురిలో మేము చూసే గోదావరిలో ఎండాకాలం బండలు తేలతాయి. ఇక్కడ అవతలి ఒడ్డు మసకగా, సముద్రానికి చుట్టంలా ఉంది. దగ్గరగా చూద్దామని నీళ్ల వైపు దిగాను. బురదలో కాలు దిగబడి, ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. సత్తిబాబు మోచేతి దాకా చేయి పెట్టి వెతికాడు, దొరకలేదు.

చేయి కడుక్కుంటూ ఉన్నట్టుండి అన్నాడు. "తమ్ముడూ, మీ వదిన నాతో మాటాడ్డం లేదు."

"మధ్యాహ్నం మాట్లాడింది గద."

"మీ ముందు. మీరు రాకముందు నెల్రోజులబట్టీ పక్క కూడా ఏరే ఏసుకుంది. అడిగితే నడుం నొప్పంటది. నేనేం తప్పు సేసేనో తెలీట్లేదు. పద్మనడిగి కనుక్కోండి ఓసారి."

నేను సరేనన్నాను. ఒంటి చెప్పుతో ఇంటిదాకా నడుస్తూ, ఇది డబ్బు గొడవో, కొడుకు పెళ్లి గొడవో అయి ఉంటుందనుకున్నాను. ఇంటికెళ్లేసరికి అక్కాచెల్లెళ్లు వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. "కొత్త చెప్పులు కొనాలె" అన్నాను, ఏమనాలో తోచక.

మంగళవారం సంత

యానాంలో మంగళవారం సంత పాత కాలం నుంచీ ఉందట. మెట్టకూరు నుంచి, కనకాలపేట నుంచి, నది అవతలి లంకల నుంచి జనం వస్తారు. పనసపండ్లంత కందగడ్డలు, గోనెల్లో ఎండుచేపలు, తాటిబెల్లం, చీరల కుప్పలు. మా అంగడిలో ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగులుతుంది, ఇక్కడ ఎండుచేపల ఘాటు కళ్లకు తగులుతుంది. నూట యాభైకి చెప్పులు కొన్నాను. తిరిగి చూస్తే పద్మ ఎండురొయ్యల గంపల ముందు నిలబడి ఏడుస్తోంది. అమ్మే ఆవిడ కంగారుపడి "ఘాటుకాండి? మొకం కడుక్కోండి" అని చెంబు ఇస్తోంది.

నేను పద్మను ఫెర్రీ రోడ్డు చివర నీళ్ల మెట్ల దాకా తీసుకెళ్లాను. "ఏమైంది? ఎందుకు గట్లున్నవ్? మీ అక్కా బావా కొట్లాడుకున్నరా?" అన్నాను.

"అక్కకు క్యాన్సర్" అంది పద్మ.

తర్వాత చెప్పింది నాకు ముక్కలు ముక్కలుగానే చేరింది. వదినకు నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. కిందటి చలికాలంలో మళ్లీ రక్తం కనిపించింది. వేడి చేసిందని సబ్జా గింజలు తాగింది. తెల్లబట్ట, వాసన, నడుం నొప్పి. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. వేసవి తర్వాత ఊళ్లో ఆడవాళ్లకు పరీక్షలు చేస్తున్నారని పక్కింటి వాళ్లు లాక్కెళితే వెళ్లింది. అక్కడ అనుమానపడి కాకినాడ పంపారు. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఫలితం చెప్పిన డాక్టరమ్మ, మిగతా పరీక్షలకు ఇంట్లోవాళ్లను తీసుకుని వెంటనే రమ్మంది. వదిన మళ్లీ వెళ్లలేదు.

"ఎందుకు పోలేదు?"

"ఆ రోజు పరీక్షల దగ్గర మైకులో ఒకావిడ చెప్పిందంట, ఇది ఎవరికి వస్తదో. చిన్నప్పుడే పెళ్లయినోళ్లకు, ఎక్కువ కాన్పులైనోళ్లకు, పొగాకు తాగేటోళ్లకు, ఒంట్లో శక్తి తగ్గినోళ్లకు. ఇంకా…" పద్మ నీళ్ల వైపు చూసింది. "ఆడమనిషికో మొగుడికో బయటి సంబంధాలుంటే. అదొక వైరస్సంట, కలిస్తే అంటుకుంటదంట."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"అక్క అప్పటిసంది లెక్కలు వేసుకుంటాంది. పదహారేళ్లకే పెళ్లి, ముగ్గురు పిల్లలు, సరే. పొగాకు లేదు. తను ఏ తప్పూ చెయ్యలేదు. ఇంక మిగిలింది బావ. హౌరా లారీలు. అడుగుదామంటే, ఔనంటే ముప్పైఅయిదేళ్ల సంసారం ఏమైపోతది? కాదంటే నమ్మగలదా? ఆయనేమో తిరిగి తననే అనుమానిస్తే? అందుకే ఎవరికీ చెప్పకుండ ఊకున్నది. వైద్యం మొదలుపెడితే అందరికీ తెలుస్తదని వైద్యమే వద్దంటాంది. నేను బతిమాలిన. వినలే."

"మరి ఇప్పుడేం చేస్తం?"

"బావకు మీరు చెప్పాలె."

"నేనా?"

"నేను చెప్పనని అక్కకు ఒట్టేసిన. మీరు వెయ్యలేదు గద."

పద్మ తర్కం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. తప్పు పట్టలేను, ఒప్పుకోలేను. జబ్బు ఒంటికి వచ్చింది. ఈ ఇంట్లో మాత్రం దాన్ని ఒక నేరంలాగా, చేసిందెవరో తేలేదాకా దాచిపెడుతున్నారు. నాకు తెలిసిన జ్వరాలకు, కామెర్లకు ఇలా జరగదు. వదిన మీద జాలి పడాలో, సత్తిబాబు మీద కోపం తెచ్చుకోవాలో, అసలు నాకు ఇందులో ఏం పని ఉందో తేల్చుకోలేకపోయాను.

నూకాలమ్మ చుట్ట

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పక్కింటి నూకాలమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మొన్నమొన్నటి దాకా గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిందట. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ పీల్చింది. మా వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లను రోజూ చూస్తాను గానీ, నిప్పు నోట్లో పెట్టుకునేవాళ్లను చూడలేదు. నేను చూస్తూ ఉండిపోయాను.

"గాలికి ఆరిపోకుండా బాబూ. ఏటొడ్డున గాలెక్కువ కదా" అంది.

ఆమే ఊరి సంగతులు చెప్పింది. తెల్లవాళ్ల కాలంలో చుట్టుపక్కల ఊళ్లలో చిన్నపిల్లలకు పెళ్లి చెయ్యకూడదని చట్టమొచ్చిందట. యానాం ఫ్రెంచివాళ్లది కాబట్టి ఇక్కడ ఆ చట్టం లేదు. అందుకని ఎక్కడెక్కడి వాళ్లో బళ్ల మీద, పడవల మీద పిల్లలను తీసుకొచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసుకెళ్లేవారట.

"కల్యాణపురం అనేవోరు ఈ ఊరిని. మాయమ్మనీ అలాగే ఎత్తుకొచ్చి సేసేరు. నాకు పన్నెండేళ్లకి సేసేరు. ఎనిమిది కాన్పులు. ఇద్దరు పోయేరు, ఆరుగురున్నారు" అంది. మైకులో ఆవిడ చెప్పిన లెక్క తనకూ చెప్పారట. "సిన్నప్పుడు పెళ్లా, అయ్యింది. కాన్పులా, అయ్యాయి. పొగాకా, ఇదిగో. మా ఆయన సంగతా, అదడక్కు. అన్నీ నాయే అనుకుని బయపడిపోయి పరీచ్చ సేయించుకున్నాను. ఏటీ లేదన్నారు. నోరు మాత్రం బాగోలేదు, సుట్ట మానమన్నారు. ఇప్పుడెక్కడ మానేది."

ఇంతలో వదిన టీ తెచ్చింది. నూకాలమ్మ మాట వింది. గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. నూకాలమ్మకు వదిన జబ్బు సంగతి తెలియదు. ముసలామె తప్పు లేదు. కానీ అన్నీ ఉన్న మనిషికి రాకుండా, ఒకటీ అరా మాత్రమే ఉన్న మనిషికి రావడం ఏమిటో నాకూ బోధపడలేదు. బడిలో పిల్లలకు కారణాలు, ఫలితాలు అని రెండు గళ్లు గీసి జతపరచమంటాను. ఆ రెండు గళ్లూ నా తలలో ఎంతసేపు గీసుకున్నా జత కుదరలేదు.

షెడ్డులో

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు షెడ్డుకు వెళ్లాను. పడవ ఇంజను విప్పి ముక్కలు గోనె మీద పరిచాడు. డీజిల్ వాసన, నది మీంచి చల్లగాలి.

"కనుక్కున్నారా?" అన్నాడు తలెత్తకుండా.

ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ వచ్చినదంతా మర్చిపోయి, "వదినకు క్యాన్సరంట అన్నయ్యా. గర్భసంచి మొదట్ల. కాకినాడల చెప్పిన్రంట" అనేశాను.

అతని చేతిలో పానా అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నించి?" అన్నాడు. చెప్పాను. వైరస్ సంగతీ, లారీల సంగతీ చెప్పలేదు. అది నేను చెప్పాల్సింది కాదనిపించింది. అతను లేచి చేతులు తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కున్నాడు. చొక్కాకు నల్లటి వేళ్లు పడ్డాయి. విప్పిన ఇంజను అలాగే వదిలేసి, షెడ్డుకు తాళం కూడా వేయకుండా సైకిలెక్కాడు. నేను వెనక నడిచి వెళ్లేసరికి ఇంటి వాకిట్లో ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

"బేగి చీర మార్చుకో. కాకినాడ ఎల్దాం" అంటున్నాడు.

"నేను రాను."

"ఎందుకు రావు?"

వదిన నన్ను, పద్మను చూసింది. నన్ను చూసిన చూపులో నిష్ఠూరం ఉంది. తర్వాత అతని వైపు తిరిగి, చాలా మామూలు గొంతుతో, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది.

"లారీ మీద తిరిగినన్నాళ్లూ మీరేటన్నా తప్పు సేసేరా?"

అతనికి అర్థం కాలేదు. జబ్బుకూ దానికీ సంబంధమేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు కదా. పద్మే నేల చూపులు చూస్తూ చెప్పింది, మైకులో ఆవిడ చెప్పినదంతా. అతను గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"సెయ్యలేదు" అన్నాడు.

"అలాగేనండి" అంది వదిన. ఆ మాటకు నమ్మానని అర్థమా, నమ్మలేదని అర్థమా నాకు తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. "నమ్మావా?" అని అడగలేదు.

"నువ్ నమ్మినా నమ్మకపోయినా కాకినాడైతే ఎల్దాం. తిట్టుకుంటూ ఎల్దాం" అన్నాడు.

వదిన వెళ్లి అరుగు మీద కూర్చుంది. అప్పుడు పద్మ లోపలికెళ్లి వదిన చీర, సంచీ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. వదిన వాటిని పక్కకు పెట్టలేదు. ఆమె లేచేసరికి ఆసుపత్రిలో చీటీలిచ్చే వేళ దాటిపోయింది. మర్నాడు బయల్దేరాం.

కాకినాడ వరండా

ఆ ఆసుపత్రిలో ఆడవాళ్ల విభాగం వరండాలో మగవాళ్లు కూర్చోకూడదని తెలియక బెంచీ మీద కూర్చున్నాను. ఆయమ్మ వచ్చి లేపేసింది. మెట్ల దగ్గర నిలబడి లోపలికీ బయటికీ వచ్చేవాళ్లను చూస్తూ గడిపాను.

అక్కడికొచ్చిన ఆడవాళ్లను చూస్తుంటే నా తికమక ఇంకా పెరిగింది. ఏజెన్సీ నుంచి వచ్చిన కూలి మనిషి, భర్త భుజం పట్టుకుని. చేతిలో ల్యాప్‌టాప్ సంచీతో బ్యాంకు ఉద్యోగి. నలభై కూడా నిండని ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి. డెబ్బై దాటిన బామ్మ, కోడలు తోడు. మెడలో శిలువ గొలుసున్న టీచరమ్మ. నేను తెలియకుండానే ఒక్కొక్కరిని చూసి ఈమెకు ఎందుకొచ్చి ఉంటుందని ఊహించడం మొదలుపెట్టాను. ఆ బ్యాంకామె నా చూపు గమనించి మొహం తిప్పుకుంది. నాకు సిగ్గేసింది. వదిన ఇన్నాళ్లూ ఇంట్లోంచి కదలకుండా భయపడింది ఈ చూపుకే కదా అనిపించింది.

మమ్మల్ని లోపలికి పిలిచారు. నలుగురం వెళ్లాం. డాక్టరమ్మ మధ్యవయసు మనిషి, గొంతు కొంచెం బొంగురు. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని వదినను కోప్పడలేదు. "ఇప్పుడొచ్చారు కదా" అంది. పరీక్షలు ఏమేం చేయాలో చెప్పింది. వింటూ వింటూ సత్తిబాబు మధ్యలో అడిగాడు.

"ఇది నావల్ల వచ్చిందాండి డాట్రుగారూ?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. ఆ వైరస్ చాలా మామూలుదండి. కాపురం చేసే వాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. చాలామందికి దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఉండిపోతుంది. ఇరవై ఏళ్లు కూడా చప్పుడు చెయ్యకుండా ఉండొచ్చు. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష లేదు. జీవితంలో ఒక్కరే తోడున్న ఆడవాళ్లకూ వస్తుంది, నేను రోజూ చూస్తాను. చిన్నవయసు పెళ్లి, కాన్పులు, పొగాకు, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి. అంతేగానీ అవి ఉన్నవాళ్లందరికీ రాదు, లేనివాళ్లకు రాకుండా ఉండదు. ఇక్కడికి ముదిరిపోయి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోనివాళ్లు. చేయించుకుని ఉంటే క్యాన్సర్ కాకముందే కనిపెట్టి ఆపేవాళ్లం."

"నావల్లేనేమోనని అడిగేనండి" అన్నాడు సత్తిబాబు మళ్లీ, ఆ జవాబు తనది కానట్టు.

అప్పుడు వదిన అతని వైపు తిరిగింది. "నావల్లేమోనని అడగరేం?"

"నీవల్లేటి? నీ సంగతి నాకు తెలీదేటి" అన్నాడు అతను, ప్రశ్నే అర్థం కానట్టు.

వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. పద్మ చెప్పిన లెక్కల్లో అది కూడా ఒకటి కదా, అతను తిరిగి ఆమెనే అనుమానిస్తే అని. ఆ ఆలోచన అతనికి ఒక్కసారైనా తట్టినట్టు లేదు. అందువల్ల అతను తప్పు చేయలేదని తేలుతుందా? తేలదు. నాకు తేలలేదు. కానీ వదిన కళ్లు తుడుచుకుని, "ఆ పరీక్షలేటో ఇయ్యాలే సేసేయండమ్మా" అంది డాక్టరమ్మతో.

వస్తూ వస్తూ నేనొక ప్రశ్న అడిగాను. మా జగిత్యాలలో ఇంటింటా బీడీలు చుడతారు, వాళ్లకూ ప్రమాదమా అని. "తాగేవాళ్లకు ఎక్కువని తెలుసు. చుట్టేవాళ్ల సంగతి నేను చెప్పలేను" అంది. ఆమెకూ తెలియనివి ఉన్నాయని వినడం, ఎందుకో, ఆ రోజు నాకు కొంచెం ఊరటనిచ్చింది.

తిరుగుదారి

స్కాన్లలో జబ్బు ముఖద్వారం దాటి కొంచెం పక్కకు పాకిందని తేలింది. ఆపరేషన్ దశ దాటింది, రేడియేషను, వారానికో ఇంజక్షనూ ఇస్తామన్నారు. నయమయ్యే అవకాశం బాగానే ఉందన్నారు, ఖాయమని అనలేదు. పద్మ అక్క దగ్గర ఉండిపోయింది. నేను బడి తెరిచే రోజుకు ఒంటరిగా తిరిగొచ్చాను. బస్సులో ఈసారి నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరింటికి వెళ్లొస్తున్నావని అడిగి, చెప్పాక, "వరలక్ష్మికి ఏదో ఆడోళ్ల జబ్బంట కదా" అన్నాడు. "క్యాన్సర్. వైద్యం జరుగుతోంది" అన్నాను. ఆయన తాళ్లరేవు దగ్గర దిగుతూ, తన మరదలిని కూడా చూపించాలని అన్నాడు.

మందుల రోజులు కష్టంగా గడిచాయని పద్మ ఫోన్లో చెప్పేది. విరేచనాలు, నీరసం, తిండి సయించకపోవడం. సత్తిబాబు షెడ్డు మూసేసి కాకినాడలో గది తీసుకున్నాడు. నూకాలమ్మ బస్సెక్కి వచ్చి చూసి వెళ్లింది, చుట్ట మాత్రం వరండా బయట ఆర్పేసి.

పద్మ ఇంటికొచ్చాక చేసిన మొదటి పని, కరీంనగర్ వెళ్లి తను పరీక్ష చేయించుకోవడం. ఏమీ లేదన్నారు. రెండో పని సాహితికి ఆ వైరస్ సోకకుండా టీకా వేయించడం. సూది ఎందుకని పిల్ల అడిగితే పద్మ నా వైపు చూసింది. నేను గర్భాశయం అంటే ఏమిటి, దాని ముఖద్వారం ఎక్కడుంటుంది, వైరస్ అంటే ఏమిటి, అక్కడక్కడా తడబడుతూ చెప్పాను. పిల్ల అంతా విని, "ఇది మగపిల్లలకు అంటదా మరి?" అంది. అంటుతుందన్నాను. "వాళ్లకెందుకు వెయ్యరు?" అంది. కొన్నిచోట్ల వేస్తారని తర్వాత తెలుసుకున్నాను. అప్పటికి నాకు తెలియదనే చెప్పాను.

సంక్రాంతి దాటాక చేసిన పరీక్షల్లో వదినకు జబ్బు జాడ కనిపించలేదు. కొన్నేళ్లపాటు చూపించుకుంటూ ఉండాలన్నారు. మొన్న నేనే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగాను.

"బాగానే ఉన్నానండి మరిదిగారూ. కూర కూడా తింటన్నాను" అంది. తర్వాత కాస్త ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. "మీ అన్నయ్యగారి మీద ఇప్పటికీ అప్పుడప్పుడూ కోపం వచ్చేస్తదండి. ఊరికినే కూకుని ఉంటాను, వచ్చేస్తది. నిజంగా తప్పు సేసేరో లేదో నాకు తెలీదు. ఇంక తెలీదు కూడాను. ఆ పూటకి మాటాడ్డం మానేస్తాను. ఆయన ఎందుకని అడగరు. టీ పెట్టి నా పక్కన పెడతారు. సల్లారిపోద్దని తాగేస్తానండి."